పచ్చకామెర్లు, నడుము దాకా పాకే కడుపు నొప్పి, కొత్తగా షుగర్: క్లోమ క్యాన్సర్ హెచ్చరికలను ఎలా గుర్తించాలి?

ఆహారం అరిగించే రసాన్నీ, షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్‌నూ తయారుచేసే క్లోమ గ్రంథి (ప్యాంక్రియాస్) జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున అడ్డంగా ఉంటుంది. అంత లోతున ఉండబట్టే అందులో పుట్టిన గడ్డ తొలి రోజుల్లో చేతికి తగలదు, చాలామందిలో నొప్పీ ఉండదు. పైగా గోదావరి డెల్టాలో కళ్ళు పచ్చబడితే పసరు మందు, కడుపులో నొప్పి అంటే గ్యాస్ బిళ్ళ, షుగర్ అంటే వంశపారంపర్యం అని దేనికి దానికి సర్దిచెప్పుకుంటాం. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూడటం తెలియాలి.

ముందుగా మీ ముప్పు ఎంతో అంచనా వేసుకోండి. లంక పొగాకు చుట్ట అయినా, బీడీ, సిగరెట్ అయినా పొగ పొగే. సిగరెట్ తాగేవారిలో ఈ క్యాన్సర్ ముప్పు తాగనివారి కంటే సుమారు రెట్టింపు ఉంటుంది, మానేశాక ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. వయసు 60 దాటడం, ఊబకాయం, ఎన్నో ఏళ్ళుగా ఉన్న షుగర్, మద్యం వల్ల గానీ మరో కారణం వల్ల గానీ దీర్ఘకాలంగా ఉన్న క్లోమ వాపు కూడా ముప్పును పెంచుతాయి. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా, రక్తసంబంధీకుల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎక్కువగా కనిపించినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

కామెర్లు వచ్చినప్పుడు కళ్ళతోపాటు మల మూత్రాల రంగూ చూడండి. కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే నాళం క్లోమం తల భాగం గుండా వెళ్తుంది కనుక, అక్కడ గడ్డ పెరిగితే పైత్యరసం పేగులోకి దిగక రక్తంలోకి మళ్ళుతుంది. అప్పుడు మూత్రం చిక్కని టీ డికాషన్ రంగులోకి మారుతుంది, మలం తెల్లగా పాలిపోతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది, నొప్పి మాత్రం ఉండకపోవచ్చు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడినా ఇవే లక్షణాలు వస్తాయి కాబట్టి వెంటనే క్యాన్సరని బెదిరిపోనక్కరలేదు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. నాళం మూసుకుపోయిన కామెర్లు మాత్రం పథ్యానికీ పసరుకీ లొంగవు, పోయేదల్లా విలువైన కాలమే. కామెర్లతోపాటు చలిజ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రిలో చేరాలి.

నొప్పి విషయానికి వస్తే, పైకడుపులో మొదలై వీపులోకి పాకడం, వెల్లకిలా పడుకుంటే పెరిగి ముందుకు వంగి కూర్చుంటే కాస్త నెమ్మదించడం గమనించదగ్గవి. క్లోమం తోక భాగంలో వచ్చే గడ్డకు కామెర్లు కనిపించకపోవచ్చు, అందుకే ఈ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. మలం జిడ్డుగా తేలుతూ, నీళ్ళు పోసినా పోకపోతే కొవ్వు అరగడం లేదని అర్థం.

యాభై దాటినవారికి కొత్తగా షుగర్ బయటపడి, తగ్గాలనుకోకుండానే బరువు తగ్గిపోతుంటే ఆ రెండూ కలిపి చెప్పండి. ధాన్యం కాటా మీదైనా సరే, ప్రతి వారం ఒకే కాటా మీద తూగి, తేదీ వేసి రాసుకుంటే డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

పరీక్షల్లో మొదటివి లివర్ ఫంక్షన్ టెస్టు, అల్ట్రాసౌండ్. పేగుల్లోని గాలి అడ్డుపడి అల్ట్రాసౌండులో క్లోమం సరిగా కనపడకపోవచ్చు కాబట్టి, రిపోర్టు బాగుందన్నా లక్షణాలు తగ్గకపోతే కాంట్రాస్ట్ సీటీ స్కాన్ (నరంలోకి రంగు మందు ఎక్కించి తీసే స్కాన్) అవసరమా అని అడగండి. దానికి ముందు సాధారణంగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. క్లోమ క్యాన్సర్లో పెరిగే గుర్తును చూసే సీఏ 19-9 అనే రక్తపరీక్షను సొంతంగా చేయించుకోవద్దు, అది రాళ్ళ కామెర్లలోనూ పెరుగుతుంది. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు, ఆధార్ కార్డు వెంట ఉంచుకుని, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి సహాయ కేంద్రంలో ముందే కనుక్కోండి.