వీధి ఫొటోలు – 3వ పాఠం: లెన్స్ కొనే ముందు అంగలు కొలవండి

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీ ఊరి మార్కెట్లో ఒకే చోట అరగంట నిలబడి, ఎండా నీడా ఎక్కడ కలుస్తున్నాయో చూడమన్నాను. ఆ పని చేసినవాళ్లకు ఈపాటికి ఒక తలనొప్పి మొదలై ఉంటుంది. వెలుతురు దొరికింది, మనిషి ఆ వెలుతురులోకి నడిచొచ్చాడు, బటన్ నొక్కారు. ఇంటికొచ్చి చూస్తే మనిషి చీమంత ఉన్నాడు. లేదా తల సగం తెగిపోయింది. కాబట్టి ఈసారి లెన్సుల సంగతి, చివర్లో కాంపాక్ట్ కెమెరాల సంగతి.

ముందు క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా తీయడం, అనే మాట ఒకటి తేల్చుకోవాలి. మన దగ్గర ఆ మాట పెళ్లిళ్ల ద్వారానే అందరికీ తెలుసు. "ట్రెడిషనల్ ఒక్కటేనా, క్యాండిడ్ కూడా ఉందా?" అని పెళ్లివాళ్లు బేరమాడేటప్పుడే అడుగుతారు. అక్కడ క్యాండిడ్ అంటే 85 ఎంఎం, 135 ఎంఎం, 70-200 జూమ్ లెన్సులు. ఎంఎం అనేది లెన్స్ మీద రాసుండే నంబరు, అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనబడుతుంది, ఫ్రేమ్‌లో పట్టేది తగ్గుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉండాలి, వెనకాల మండపం, మేనమామలు, వీడియో లైటు అన్నీ మసకైపోవాలి. పైగా అక్కడ మనం ఫొటోగ్రాఫర్లమని అందరికీ తెలుసు, ఎవరూ అనుమానపడరు. వీధిలో రెండూ తిరగబడతాయి. మనం ఎవరో ఎవరికీ తెలియదు, వెనకాల ఉన్నదేమో బొమ్మలో సగం.

ఈ తేడా నాకు చెంపదెబ్బలాగా తెలిసింది. పెళ్లిళ్లకు వాడే 70-200 తగిలించుకుని ఒక ఆదివారం పొద్దున సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్లాను. దూరం నుంచి తీస్తే ఎవరికీ తెలియదులే అనుకున్నాను. పది నిమిషాలు కాలేదు, కొత్తిమీర కట్టలు పేర్చుకుంటున్న ఒకామె లేచి నిలబడింది. "ఏ ఛానలన్నా మీది?" అంది. ఛానల్ కాదమ్మా అన్నాను. "మరి మున్సిపాలిటోళ్లా? మా జాగలు తీసేస్తరా?" పక్కనున్న ఇద్దరు గబగబా తట్టలు వెనక్కి జరుపుకున్నారు. ఆ పూట ఇక ఆ వరసలో ఎవరూ మామూలుగా కూర్చోలేదు. పెద్ద లెన్స్ మనల్ని దాచదు, వీధి చివరిదాకా టముకు వేసి చెబుతుంది.

లెన్స్ ఎంచుకోవడమంటే మనుషులకు ఎంత దూరంలో నిలబడతామో తేల్చుకోవడమే. దీనికి చిన్న లెక్కుంది. కెమెరా లోపల బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు, పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉంటే అది ఫుల్ ఫ్రేమ్. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 ఎంఎం. కెమెరాను అడ్డంగా పట్టుకుని మనిషిని తల నుంచి పాదాల దాకా ఫ్రేమ్‌లో నిండుగా పట్టాలంటే, మనిషి ఎత్తును లెన్స్ నంబరుతో గుణించి 24తో భాగించాలి. ఐదున్నర అడుగుల మనిషి అంటే 1.68 మీటర్లు. 35 ఎంఎం లెన్స్‌కు 1.68ని 35తో గుణించి 24తో భాగిస్తే 2.45, అంటే రెండున్నర మీటర్లు. అదే మనిషికి 28 ఎంఎం అయితే 2 మీటర్లు, 50 అయితే మూడున్నర, 85 అయితే 6.

వీధిలో మీటర్లు ఎవరు కొలుస్తారు? అంగల్లోకి మార్చుకోండి. నా అంగ ముప్పావు మీటరు. 28 ఎంఎం అంటే రెండు చేతులూ చాపితే వచ్చే బార కంటే కొంచెం ఎక్కువ. ఎదుటి మనిషి మాట వినబడుతుంది, ఒక్కోసారి బీడీ వాసన కూడా తెలుస్తుంది. 35 అంటే మూడు అంగలు దాటి. 50 అంటే ఐదుకు కాస్త తక్కువ. 85 అంటే ఎనిమిది. మన మార్కెట్లో ఎనిమిది అంగల జాగా ఎప్పుడైనా ఖాళీగా ఉంటుందా? మీరు కన్ను పెట్టి చూసేలోగా మధ్యలోకి ఒక ఆటో, రెండు స్కూటీలు, ఒక ఆవు వచ్చేస్తాయి.

ఫ్రేమ్‌లో ఏం పడుతుందనేది దూరంతో పాటే మారుతుంది. చార్మినార్ పక్కనుంచి లాడ్ బజార్‌లోకి వెళ్లి, చార్మినార్ వైపు తిరిగి, ఏదైనా గాజుల దుకాణం ముందు నిలబడండి. 50తో చూస్తే గాజులు ఎక్కిస్తున్న చేయి, ఎక్కించుకుంటున్న మణికట్టు, ఆ వెనక వరసల గాజులు. అంతే, కథంతా ఆ రెండు చేతుల మధ్యే. 28తో చూస్తే ఆ చేతులతో పాటు పక్క దుకాణం మెట్టు మీద చాయ్ తాగుతున్న కుర్రాడు, అడ్డంగా దూరిన బైకు, వీధి చివర చార్మినార్ కూడా వస్తాయి. ఇవన్నీ ఒకదానికొకటి అడ్డం రాకుండా అమర్చడం మన పనే. సరిగ్గా కుదరకపోతే 28తో తీసిన బొమ్మ చెత్తబుట్ట బోర్లించినట్టు ఉంటుంది. నా హార్డ్ డిస్కులో అలాంటివి వేలల్లో ఉన్నాయి.

వీధి ఫొటోల్లో పెద్ద పేరున్నవాళ్లు ఏం వాడారని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఫ్రాన్స్‌కు చెందిన ఆంరీ కార్టియే-బ్రెసాఁ జీవితంలో ఎక్కువ భాగం లైకా అనే చిన్న కెమెరా మీద 50 ఎంఎంతోనే తీశాడు. న్యూయార్క్ వీధుల్లో తిరిగిన గ్యారీ వినోగ్రాండ్ ఎక్కువగా 28 వాడాడు, జనం మధ్యలోకి దూరిపోయి తీశాడు. ఒకరిది నిదానం, ఒకరిది తొక్కిసలాట. మీరు ఏ రకమో మీ కాళ్లకు తెలుసు, యూట్యూబ్ రివ్యూలకు తెలియదు.

కాళ్లను అడగడం ఎలా? డబ్బు ఖర్చు లేకుండా అయిపోతుంది. కెమెరాతో పాటు వచ్చిన 18-55 జూమ్ చాలామంది ఇళ్లలో మూలన పడి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. మీది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది అయితే, ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి మార్చడానికి లెన్స్ మీది నంబరును 1.5తో గుణించాలి, కేనన్‌లో అయితే 1.6తో. అంటే జూమ్ రింగు మీద 18 దగ్గర పెడితే 28కి దగ్గరగా ఉంటుంది. 24 దగ్గర పెడితే 35 లాంటిది. 35 దగ్గర పెడితే 50 లాంటిది. రింగు కదలకుండా చుట్టూ ఇన్సులేషన్ టేపు ముక్క వేసేయండి. ఒక్కో నంబరుకు రెండ్రోజులు. టేపు తీయకూడదు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందరూ 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమంటారు. ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. చవకైనది, మంచిదే. కానీ కేనన్ ఏపీఎస్-సీ బాడీ మీద అది 80 అయిపోతుంది. మళ్లీ ఏడెనిమిది అంగల దూరం, మళ్లీ ఆటోలు, మళ్లీ ఆవు. ఏపీఎస్-సీ మీద వీధికి కావలసింది 23, 24 ఎంఎం ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్స్. కేనన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉంటే ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 పాన్‌కేక్ లెన్స్ 125 గ్రాములే, బిస్కెట్ల దొంతరంత మందం. దాన్ని తగిలిస్తే పెద్ద కెమెరా కూడా చూసేవాళ్లకు బొమ్మ కెమెరాలా కనబడుతుంది. మనకు కావలసింది అదే. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) వాళ్లకు కేనన్ ఆర్ఎఫ్ 28 ఎఫ్/2.8, నికాన్ జెడ్ 28 ఎఫ్/2.8, జెడ్ 40 ఎఫ్/2 ఉన్నాయి. మూడూ 200 గ్రాముల లోపే. ఎఫ్/1.4 లెన్సుల జోలికి పోకండి. పగటి వీధిలో ఆ వెలుతురు మనకు అక్కర్లేదు, బరువు మాత్రం మోయాలి.

ఎందుకు అక్కర్లేదంటే, వీధిలో మనం ఎక్కువగా ఎఫ్/8 దగ్గర ఉంటాం. ఎఫ్ నంబరు పెరిగితే వెలుతురు తగ్గుతుంది, కానీ ముందూ వెనకా ఎక్కువ దూరం స్పష్టంగా వస్తుంది. ఫోకస్ దూరాన్ని ముందే పెట్టేసుకుని, ఆ దూరంలోకి మనిషి రాగానే నొక్కడమే. ఏపీఎస్-సీ మీద 18 ఎంఎం, ఎఫ్/8, ఫోకస్ 2 మీటర్ల దగ్గర పెడితే మీటరు దూరం నుంచి వీధి చివరిదాకా స్పష్టంగా ఉంటుంది. 23 ఎంఎంతో రెండున్నర మీటర్ల దగ్గర పెడితే సుమారు 1.4 నుంచి 10 మీటర్ల దాకా. 35 ఎంఎంతో 3 మీటర్ల దగ్గర పెడితే సుమారు 2.2 నుంచి 4.9 దాకానే. లెన్స్ నంబరు పెరిగేకొద్దీ తప్పుకు చోటు ఎలా తగ్గిపోతోందో చూడండి. సిగ్గుపడేవాళ్లు దూరంగా ఉండొచ్చని ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 50 వైపు, అంటే ఏపీఎస్-సీ మీద 35 వైపు మొగ్గుతారు, ఫోకస్ తప్పి ఏడ్చేదీ వాళ్లే. నా ఓటు ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 35కే, అంటే ఏపీఎస్-సీ మీద 23, 24కు. అదే లెక్కలో 28 మీద మనసుంటే ఆరు నెలలు ఓపిక పట్టండి.

ఇక కాంపాక్ట్. జేబులో పట్టే కెమెరా అంటే చాలామంది జూమ్ ఎంతుందని అడుగుతారు. వీధికి అది ఆఖరి ప్రశ్న. జేబులోంచి తీసి ఆన్ చేసి మొదటి ఫొటో తీయడానికి ఎంత సేపు పడుతోంది? ఒక్క చేత్తో నడుస్తుందా? ఫోకస్ దూరాన్ని ముందే పెట్టుకునే వీలుందా? రికో జీఆర్ 3కి ఇంత పేరు రావడానికి కారణం ఇదే. 2019లో వచ్చింది, లోపల ఏపీఎస్-సీ సెన్సర్, 28కి సమానమైన ఎఫ్/2.8 లెన్స్, బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. అందులో స్నాప్ ఫోకస్ అని ఉంది. 2 మీటర్లు అని పెట్టేసి బటన్ ఒక్కసారిగా కిందికి నొక్కితే, ఫోకస్ కోసం వెతుక్కోకుండా ఆ దూరానికే తీసేస్తుంది. లోటు లేదా అంటే ఉంది. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు, మే నెల ఎండలో స్క్రీన్ మీద ఏమీ కనబడదు. బ్యాటరీ సుమారు 200 ఫొటోలకు వస్తుంది, స్పేర్ బ్యాటరీ లేకుండా ఇల్లు దాటకూడదు. 28 మరీ వెడల్పు అనిపించేవాళ్లకు 2021లో వచ్చిన 3ఎక్స్ ఉంది, అది 40కి సమానం.

కంటికి ఆనించి చూడకపోతే తోచనివాళ్లకు ఫూజీ ఎక్స్100 వరస. 2011లో మొదలైంది, అన్నిట్లోనూ 23 ఎంఎం ఎఫ్/2, అంటే మన 35. దాని ఆప్టికల్ వ్యూఫైండర్‌లో ఫ్రేమ్ గీతలకు అవతల ఉన్నది కూడా కనబడుతుంది, మనిషి ఫ్రేమ్‌లోకి అడుగు పెట్టకముందే తెలిసిపోతుంది. షట్టర్ లెన్స్‌లోనే ఉండే లీఫ్ రకం కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు. 2024లో వచ్చిన ఎక్స్100-6 బరువు 521 గ్రాములు. చొక్కా జేబులో పట్టదు, చేతిసంచిలో పడుతుంది. మొదటి కెమెరాగా అంత డబ్బు పెట్టమని మాత్రం చెప్పను.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక్క మాట. ఆన్ చేస్తే లెన్స్ బయటికొచ్చి, ఆఫ్ చేస్తే లోపలికి పోయే కాంపాక్టులు మన దుమ్మును కూడా పీల్చుకుంటాయి. నేను ఒకటి అలాగే కొని మోసపోయాను. షాపులో స్క్రీన్ మీద అంతా బాగానే కనబడింది. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఆకాశంలోనూ ఒకే చోట మూడు మచ్చలు, ఆవగింజలు అంటించినట్టు. సెన్సర్ శుభ్రం చేయాలంటే కెమెరా మొత్తం విప్పాలన్నారు. అందుకని కొనేముందు అపెర్చర్‌ను (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రాన్ని) ఎఫ్/16కి తిప్పి, కెమెరాను తెల్ల గోడ వైపు పెట్టి, కావాలనే ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీయండి. దాన్ని పెద్దది చేసి మూల నుంచి మూలకు జరుపుతూ చూడండి. ఎఫ్/2.8లో కనబడని మచ్చ ఎఫ్/16లో నల్లగా తేలుతుంది. షాపతను తొందరపెడితే ఇంకో షాపుకు వెళ్లండి.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు దిగులుపడక్కర్లేదు. ఈమధ్య ఫోన్లలో మెయిన్ కెమెరా చాలావరకు 24 నుంచి 26 ఎంఎంకు సమానం. అంటే మీరు 28 కంటే దగ్గరగా వెళ్లడం ఇప్పటికే నేర్చుకుంటున్నారు. జూమ్ మాత్రం ముట్టుకోకండి.

ఈ వారం పని: టేపు వేసిన లెన్స్‌తో మార్కెట్‌కు వెళ్లండి. మనిషి ఫ్రేమ్‌లో నిండుగా పట్టిన ప్రతిసారీ, ఫొటో తీశాక మీకూ ఆ మనిషి నిలబడిన చోటుకీ మధ్య ఎన్ని అంగలో నడిచి లెక్కపెట్టండి, చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎవరైనా ఎందుకు తీశావని అడిగితే ఫొటో చూపించండి, తీసేయమంటే వాళ్ల ముందే తీసేయండి. ఆరు రోజుల తర్వాత 18, 24, 35 మూడింటిలో దేనితో ఎక్కువ ఫొటోలు ఉంచుకున్నారో, దేనితో ఎక్కువ తీసేశారో లెక్క చూడండి. ఉంచుకున్నవి ఎక్కువున్న నంబరే మీరు కొనాల్సిన లెన్స్.

వచ్చే పాఠంలో ఫోకస్ దూరాన్ని కంటితో అంచనా వేయడం. దానికి టైలర్ల దగ్గర ఉండే టేపు ఒకటి, ఓపికగా నిలబడే తమ్ముడో చెల్లెలో ఒకరు కావాలి.