పాత ల్యాప్‌టాప్ బాగానే ఉంది, మార్చాలా? సమస్యను బట్టి తేల్చుకోండి

2016, 2017 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో ఇంకా నడుస్తున్నాయి. స్క్రీన్ బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది, పని మాత్రం నత్తనడక. షాపులో చూపిస్తే “పాత మోడల్ సార్, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి” అంటారు. ఆ మాట వినేముందు అసలు అడ్డుపడుతున్న భాగమేదో చూడండి. చాలాసార్లు అది ఒక్క హార్డ్‌డిస్కే.

సమస్య: ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోయి, దాని రకం హెచ్‌డీడీ (అంటే హార్డ్‌డిస్క్) అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ డిస్కులో పళ్లెం తిరుగుతుంటే దాని మీద హెడ్ అటూ ఇటూ కదిలి డేటా వెతుక్కోవాలి. విండోస్ మొదలవ్వాలంటే వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి కదా, ఆలస్యమంతా అక్కడే. దాని బదులు వాడే ఎస్ఎస్‌డీ చిప్‌లలో డేటా దాస్తుంది, అందులో కదిలే భాగమే ఉండదు.

పరిష్కారం: ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి రెండున్నర అంగుళాల సాటా (పాత డిస్కుకున్న కనెక్షన్ రకమే) ఎస్ఎస్‌డీ పాత డిస్కు చోట్లోనే సరిపోతుంది. సన్నటి కార్డులా ఉండే ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఉంటే మాత్రం అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ అనే వేరే కనెక్షన్ రకమా అన్నది మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనండి. ఆ కార్డులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తామని షాపువాళ్లు అంటారు. నన్నడిగితే ఫొటోలు, ఫైళ్లు బ్యాకప్ తీసుకుని విండోస్ కొత్తగా వేయించడమే మేలు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను కొత్త డిస్కులోకి మోసుకెళ్లడమెందుకు? పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

సమస్య: బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే బిగుసుకుపోతుంది

అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటుతోందా? అయితే ర్యామ్ చాలడం లేదు. అక్కడే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో కూడా కనిపిస్తుంది. ఫార్మ్ ఫ్యాక్టర్ అన్నచోట సోడిమ్ (విడిగా తీసి పెట్టే ర్యామ్ కార్డు) అని ఉంటే మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించారన్నమాట, ఇంకో స్లాట్ ఖాళీగా ఉంటే తప్ప పెంచలేరు. డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అనే ర్యామ్ రకాలు ఒకదాని చోట ఇంకొకటి పట్టవు. 4 జీబీ ఉంటే 8కి పెంచడం దండగ కాదు. 8 ఉన్నవాళ్లు మెమరీ నిజంగా నిండుతోందని చూశాకే 16 గురించి ఆలోచించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి.

సమస్య: మొదట బాగానే ఉండి, కాసేపటికి ఫ్యాన్ హోరెత్తి వేగం పడిపోతుంది

దుమ్ము. వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్పించండి. పరుపు మీద పెట్టి వాడటం మానండి.

సమస్య: ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది

బ్యాటరీ అరిగిపోయింది, మారిస్తే సరి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా వాడటం అప్పుడే ఆపేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చాలా ప్రమాదం.

సమస్య: అన్నీ బాగున్నా విండోస్ 11 ఎక్కదు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్‌లో అయితే కొన్ని మినహాయింపులు తప్ప కనీసం 8వ తరం ప్రాసెసర్ కావాలి. ఐ5-7200యూ అంటే 7వ తరం, ఐ5-8250యూ అంటే 8వ తరం. ఏడో తరం మెషీన్‌కు ఎస్ఎస్‌డీ వేసినా ఈ గోడ దాటలేం. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. బ్యాంకు పనులు చేసే మెషీన్‌కు నేనైతే సలహా ఇవ్వను. విండోస్ 10లోనే ఉండిపోయేవాళ్ల కోసం పెట్టిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో ఇళ్లలో వాడేవాళ్లకు ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13.

బ్రౌజింగ్, వీడియోలు, పిల్లల చదువు వరకే అయితే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కూడా ఉంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకోవచ్చు. ట్యాలీ వాడేవాళ్లకు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లకు మాత్రం విండోస్ తప్పదు.

అందుకని విండోస్ తప్పనిసరై ప్రాసెసర్ 7వ తరమో అంతకన్నా పాతదో అయినా, 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికి ఉండి ఖాళీ స్లాట్ లేకపోయినా, మదర్‌బోర్డే పోయినా పాతదాని మీద డబ్బు పెట్టకండి. రిపేర్, విడిభాగాలు కలిపి కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతున్నా అంతే. కొత్తది కొనేటప్పుడు ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందా అని షాపులో అడగండి. పలచటి మోడళ్లు చాలావాటిలో అది ఉండదు.