చిన్న పట్టణానికి ఐరోపా నిధులు తేవడం ఎలా?

ప్రాంతాల మధ్య అంతరాలు తగ్గించడానికి ఐరోపా సమాఖ్య 2021–27 కాలానికి కేటాయించిన సొమ్ము సుమారు 39,200 కోట్ల యూరోలు. వెనుకబడిన ప్రాంతాలకే ఇందులో పెద్దపీట. కానీ దరఖాస్తు పెట్టగల సత్తా పెద్ద నగరాలకే ఎక్కువ. రాజధానిలో ఈ పని కోసమే ఒక విభాగం ఉంటుంది. ఆరేడు వేల జనాభా ఉన్న ఊళ్లో మేయరు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులే అన్నీ చూసుకోవాలి. ఇంతకంటే అన్యాయమైన పోటీ ఉండదు. అందుకే ఆ ఊరి పక్కన నిలబడి ప్రాజెక్టు తయారు చేయించే మనిషి విలువ చాలా ఎక్కువ. ఐరోపాలో పట్టణ ప్రణాళిక చదువుతున్నవారు, స్థానిక సంస్థలతో పనిచేస్తున్నవారు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఆ పనికి దిగితే ఏ వరుసలో నడవాలో చూద్దాం. ఉదాహరణకు క్రొయేషియా తూర్పున స్లవోనియాలో ఒక చిన్న పట్టణాన్ని ఊహించుకోండి.

1. ముందు ఊరి అవసరం, తరువాతే నిధి

ఏదో ఒక పథకం ప్రకటన వెలువడగానే దానికి తగ్గట్టు ప్రాజెక్టు అల్లడం చాలాచోట్ల జరిగేదే. అలా కట్టిన భవనాలకు తరువాత కరెంటు బిల్లు కట్టే దిక్కుండదు. మేయరుతో, కౌన్సిల్ సభ్యులతో, వీలైతే ఊరివాళ్లతో కూర్చుని అయిదారు అవసరాలు రాసుకోండి. వాటిలో పట్టణం చేతిలో ఉన్నవేవో వేరు చేయండి. క్రొయేషియాలో ప్రాథమిక పాఠశాలలు ఎక్కువగా జిల్లా పాలన కింద ఉంటాయి. కిండర్‌గార్టెన్లను పట్టణాలే నడుపుతాయి. కాబట్టి మన ఉదాహరణలో పాతబడిన కిండర్‌గార్టెన్ భవనానికి మరమ్మతు చేసి, చలికాలంలో వేడి బయటికి పోకుండా చూడటమే ప్రాజెక్టు అనుకుందాం.

2. కాగితాలు సరిచూడండి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంటుంది. ప్రతిపాదన ఎంత బాగా రాసినా స్థలం హక్కు తేలకపోతే ఒక్క అడుగు ముందుకు పడదు. క్రొయేషియాలో భూమికి రెండు రికార్డులుంటాయి. యాజమాన్య హక్కుల పుస్తకం న్యాయస్థానం దగ్గర, కొలతల పటం సర్వే శాఖ దగ్గర. చాలాచోట్ల ఈ రెండూ కలవవు. ఒకదానిలో భవనం కనిపిస్తుంది, రెండోదానిలో అదే చోటు ఇంకా దున్నే పొలంగానే ఉంటుంది. భూమి రికార్డులతో అవస్థ పడిన తెలుగువారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు. దాన్ని సరిచేయించడానికి నెలలు పడుతుంది. దరఖాస్తుల గడువేమో తరచూ కొన్ని వారాలే. అందుకని హక్కు పత్రం, భవన నిర్మాణ అనుమతి, కొలతలు, గత మూడేళ్ల ఇంధన బిల్లులు ఇప్పుడే ఒక ఫైలులో చేర్చండి. బిల్లులు దొరికితే ఏటా ఎంత వేడి వృథా అవుతోందో ఇంజినీరు లెక్క కట్టగలడు. రేపు దరఖాస్తులో అడిగేదీ ఆ లెక్కే.

3. ఏ తలుపు తట్టాలో తెలుసుకోండి

ప్రాంతీయాభివృద్ధి నిధుల కోసం సమాఖ్య కార్యాలయాలున్న బ్రసెల్స్‌కు వెళ్లనక్కర్లేదు. ఆ సొమ్మును సభ్యదేశాల్లోని నిర్వహణ సంస్థలు పంచుతాయి. ప్రకటనలూ, ఫారాలూ ఆ దేశ భాషలోనే ఉంటాయి. పర్యావరణ ప్రాజెక్టులకు నిధులిచ్చే లైఫ్ వంటి కొన్ని పథకాలను మాత్రం, సమాఖ్య పాలన చూసే ఐరోపా కమిషన్ తరఫున సమాఖ్య స్థాయి సంస్థలే నడుపుతాయి. వాటికి కమిషన్ పోర్టల్‌లో పట్టణాన్ని నమోదు చేయించి, తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. క్రొయేషియాలో ప్రతి జిల్లాకూ ఒక ప్రాంతీయ సమన్వయ సంస్థ ఉంది. స్థానిక సంస్థలకు ప్రాజెక్టుల తయారీలో తోడ్పడటం దాని బాధ్యత. మొదటి ఫోను అక్కడికే చేయండి.

4. తయారీకి కూడా డబ్బు అడగవచ్చు

ఈ సంగతి చాలా పట్టణాలకు తెలియదు. యూరోపియన్ సిటీ ఫెసిలిటీ అనే పథకం ఇంధన ప్రాజెక్టుల సన్నాహానికి 60,000 యూరోల గ్రాంటు ఇస్తుంది. సాధ్యాసాధ్యాల అధ్యయనం, న్యాయ సలహా, ఆర్థిక విశ్లేషణ వంటివాటికి వాడుకోవచ్చు. నిర్మాణ పనులకు వాడకూడదు. దరఖాస్తులు విడతలవారీగా పిలుస్తారు. నాలుగైదు పట్టణాలు కలిసి పెద్ద కార్యక్రమం చేపడితే ఐరోపా పెట్టుబడి బ్యాంకు 2009 నుంచి నడుపుతున్న ఎలీనా అనే సాయ పథకం ఉంది. అది సన్నాహక ఖర్చులో 90 శాతం దాకా భరిస్తుంది, కానీ సాధారణంగా 3 కోట్ల యూరోలు దాటిన పెట్టుబడులకే.

సన్నాహానికి విడిగా సమయం, సొమ్ము ఇవ్వాలన్న పద్ధతి మన దగ్గరా కనిపిస్తుంది. నగరాల్లో కొత్త తరహా ప్రాజెక్టుల కోసం భారత ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన సిటీస్ (CITIIS) కార్యక్రమం ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ రుణంతో, ఐరోపా సమాఖ్య సాంకేతిక సాయంతో నడిచింది. అందులో విశాఖపట్నం మున్సిపల్ పాఠశాలల ఆధునికీకరణ ఎంపికైంది. పనులకు ముందు ప్రాజెక్టును పక్వానికి తెచ్చే దశను ఆ కార్యక్రమంలో ప్రత్యేకంగా పెట్టారు.

5. పట్టణం వాటా, ముందస్తు ఖర్చు

గ్రాంటు మంజూరైందంటే డబ్బు చేతికొచ్చినట్లు కాదు. తలసరి స్థూల ఉత్పత్తి (జీడీపీ) సమాఖ్య సగటులో 75 శాతం కన్నా తక్కువున్న ప్రాంతాలకు ఐరోపా వాటా గరిష్ఠంగా 85 శాతం. 75 నుంచి 100 మధ్య ఉంటే సాధారణంగా 60, ఆ పైన 40. ఇవి పై హద్దులు మాత్రమే, మీ ప్రకటనలో ఇంకా తక్కువ ఉండవచ్చు. మిగిలింది మ్యాచింగ్ గ్రాంటుగా దేశమో, పట్టణమో పెట్టాలి. క్రొయేషియాలో ఈ స్థానిక వాటాకు సాయపడే జాతీయ నిధి ఒకటుంది. దానికీ దరఖాస్తు చేయించండి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. చాలా పథకాల్లో ముందు ఖర్చు చేసి, బిల్లులు చూపాకే సొమ్ము వస్తుంది. అడ్వాన్సు ఎంత ఇస్తారు, బిల్లు ఎన్నాళ్లకు తీరుతుంది, అప్పటిదాకా గుత్తేదారుకు ఎవరు చెల్లిస్తారు? నెలవారీ పట్టిక వేసి కౌన్సిల్ ముందు పెట్టండి. రుణం కావాలంటే తీర్మానం ముందే చేయించండి.

6. దరఖాస్తు రాయడం

మూల్యాంకనం చేసేవారి మార్కుల పట్టికను పక్కన పెట్టుకుని రాయండి. వాళ్లు ఏ క్రమంలో అడిగితే అదే క్రమంలో జవాబివ్వండి. “పిల్లలకు మెరుగైన వాతావరణం” అని ఊరుకుంటే లాభం లేదు. ఎన్ని చదరపు మీటర్ల భవనం బాగుపడుతుంది, ఏటా ఎన్ని మెగావాట్ అవర్ల ఇంధనం మిగులుతుంది అన్నవే కొలమానాలు. చేయగలిగినంతే రాయండి, ఎందుకంటే ఆ అంకెలు చివర్లో లెక్క అప్పగించాల్సినవి. పర్యావరణానికి గణనీయమైన హాని జరగదని కూడా ఆధారాలతో చూపాలి.

7. టెండరు దగ్గర జాగ్రత్త

వచ్చిన సొమ్ము వెనక్కి పోవడానికి పెద్ద కారణాల్లో టెండరు తప్పులొకటి. కిటికీల వివరాల్లో ఒక కంపెనీ పేరు రాసి, “లేదా దానికి సమానమైనది” అన్న మాట వదిలేస్తే పోటీని అడ్డుకున్నట్లే లెక్క. అటువంటి లోపాలకు ఒప్పందం విలువలో 5, 10 లేదా 25 శాతం కోత పడుతుంది. తీవ్రమైనవాటికి మొత్తం పోతుంది. టెండరు పత్రాలను విడుదలకు ముందే టెండర్ల చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయవద్దు.

8. పని ముగిశాక

2021–27 నిధుల ఖర్చులకు చివరి తేదీ సాధారణంగా 2029 డిసెంబరు 31. పట్టణానికి చివరి చెల్లింపు అందాక కనీసం అయిదేళ్లు ఆ భవనాన్ని అదే పనికి వాడాలి. చివరి చెల్లింపు జరిగిన ఏడాది డిసెంబరు 31 నుంచి లెక్కిస్తే అయిదేళ్లు పత్రాలన్నీ భద్రపరచాలి. ఈలోగా మేయరు మారవచ్చు, ఉద్యోగులు వేరే ఊరికి వెళ్లిపోవచ్చు. అందుకే ఫైళ్లు ఒక మనిషి కంప్యూటర్‌లో కాకుండా పట్టణ కార్యాలయం పేరున ఉండాలి. ఒప్పందం, టెండరు, బిల్లులు, చెల్లింపు రశీదులు, ఫొటోలు విడివిడిగా సర్ది, ఏది ఎక్కడుందో ఒక పేజీలో రాసి పెట్టించండి. ఆడిటర్ వచ్చేసరికి మీరు అక్కడ ఉండకపోవచ్చు, అప్పుడు గుమాస్తా ఆ పేజీ చూసే ఫైలు తీసి ఇస్తాడు.