టిక్కర్ టేపు చుక్కల నుంచి ట్రాలీ త్వరణం రాబట్టడం ఎలా?

ఏటవాలు పలక మీద దిగే ట్రాలీ వెనక కట్టిన కాగితపు టేపు మీద టిక్కర్ టైమర్ అనే పరికరం సమాన కాలాల్లో చుక్కలు వేస్తుంది. ఆ చుక్కల నుంచి ట్రాలీ వేగం కనుక్కోవడం తేలికే, చిక్కంతా త్వరణంతోనే. స్కేలు పెట్టి మనం కొలిచేది దూరం ఒక్కటే. రెండు స్థానాల తేడా నుంచి వేగం వస్తుంది, రెండు వేగాల తేడా నుంచి త్వరణం వస్తుంది. స్కేలు దగ్గర చేసిన చిన్న పొరపాటు ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పెద్దదవుతుంది. అందుకే ట్రాలీని వదిలే రెండు సెకన్ల కంటే, ఆ తర్వాత టేపు ముందేసుకుని కూర్చునే అరగంటకే ఎక్కువ ఓపిక కావాలి.

కావలసినవి: 1.5 మీటర్ల నున్నటి చెక్కపలక, ట్రాలీ, టిక్కర్ టైమర్, దాని మీద రాసి ఉన్న వోల్టేజీకి సరిపడే ఏసీ సరఫరా, మీటరుకు కాస్త ఎక్కువ పొడవున్న కాగితపు టేపు, కార్బన్ బిళ్ళ, మిల్లీమీటరు స్కేలు, కింద ట్రాలీని ఆపడానికి ఒక దిండు. బ్యాటరీ పెడితే టైమర్‌లో చుక్కలు వేసే పట్టీ కొట్టుకోదు, ఏసీయే కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు టైమర్ సెకనుకు 50 చుక్కలు వేస్తుంది. అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 0.02 సెకను. సెకనుకు 100 చుక్కలు వేసేవి కూడా ఉన్నాయి, మీ దగ్గరున్నది ఏదో ముందే చూసుకోండి.

బల్ల అడ్డంగా ఒరిగి ఉంటే ట్రాలీ పక్కకు పోయి అంచును రాసుకుంటుంది. రసమట్టం పెట్టి సరిచూశాక పలక ఒక చివర 10 సెం.మీ. ఎత్తండి. టైమర్‌ను పై చివర బిగించి, టేపును కార్బన్ కిందుగా పోనిచ్చి ట్రాలీ వెనక అతికించండి. కార్బన్ నల్ల వైపు టేపును తాకాలి. చుక్కలు పడకపోతే చాలాసార్లు కారణం బిళ్ళ తిరగబడడమే. టేపు మెలిక పడినా, టైమర్‌కు వంకరగా వెళ్ళినా ట్రాలీని వెనక్కి లాగుతుంది, చుక్కల వరసలో అది తెలిసిపోతుంది.

ముందు టైమర్ ఆన్ చేయండి, తర్వాతే ట్రాలీని వదలండి. నెట్టకూడదు, పట్టుకున్న వేళ్ళు తీసేస్తే చాలు.

ఇక టేపు. మొదట్లో చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దగా ఉంటాయి. ఆ నాలుగైదు సెంటీమీటర్లు వదిలేసి, విడిగా కనిపించే ఒక చుక్క దగ్గర సున్నా రాయండి. అక్కడి నుంచి ప్రతి ఐదో చుక్క దగ్గర గీత పెట్టండి. సున్నా చుక్కను ఒకటిగా లెక్కపెట్టడం ఇక్కడ అందరూ చేసే తప్పు. లెక్కించాల్సింది చుక్కల్ని కాదు, వాటి మధ్య ఖాళీల్ని. ఐదు ఖాళీలైతే 0.1 సెకను. నాలుగు ఖాళీలనే 0.1 సెకనుగా తీసుకుంటే వేగం 20 శాతం తగ్గుతుంది, త్వరణమైతే ఏకంగా 36 శాతం తగ్గిపోతుంది.

ఒక టేపులో వరసగా గీతల మధ్య ముక్కల పొడవులు 2.4, 2.9, 3.5, 3.9, 4.4, 4.9 సెం.మీ. వచ్చాయనుకుందాం. ఒక్కోదాన్ని 0.1తో భాగిస్తే వేగాలు సెకనుకు 24, 29, 35, 39, 44, 49 సెం.మీ. ఇవి ఆయా ముక్కల సగటు వేగాలు. త్వరణం స్థిరంగా ఉంటే, ఆ ముక్క కాలంలో సరిగ్గా సగం గడిచినప్పటి వేగం కూడా ఇదే. కాబట్టి గ్రాఫులో వీటిని 0.1, 0.2 దగ్గర కాదు, 0.05, 0.15, 0.25 దగ్గర పెట్టాలి.

త్వరణం కోసం పక్కపక్క ముక్కలు రెండు తీసుకోకండి. పై అంకెల్లోనే రెండో, మూడో ముక్కల నుంచి 60 వస్తుంది, మూడో, నాలుగో ముక్కల నుంచి 40 వస్తుంది! ట్రాలీ మారలేదు, మూడో ముక్క కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది, అంతే. ఆరు బిందువులకూ దగ్గరగా వెళ్ళే సరళరేఖ గీసి దాని వాలు తీయండి. 0.5 సెకన్లలో 25 సెం.మీ./సె పెరుగుదల, అంటే 50 సెం.మీ./సె². ముక్కల్ని కత్తిరించి ఒకే అడుగుగీత మీద పక్కపక్కనే నిలువుగా అతికించినా ఇదే గ్రాఫు కళ్ళముందు నిలుస్తుంది. పిల్లలకు ముందు అదే చేయించడం మంచిది.

లెక్క ప్రకారం 150 సెం.మీ. పలకకు 10 సెం.మీ. ఎత్తుంటే గురుత్వ త్వరణం 980 సెం.మీ./సె²ని 15తో (150/10) భాగించి 65 సెం.మీ./సె² రావాలి. 50 వచ్చిందని అంకెలు దిద్దకండి. చక్రాల ఇరుసుల్లోని ఘర్షణ, టేపు లాగుడు కలిసి ఆ తేడా తెస్తాయి. ఎంత తెస్తున్నాయో చూడాలంటే పలకను కొద్దికొద్దిగా ఎత్తుతూ, ప్రతిసారీ టేపు కట్టిన ట్రాలీకి చిన్న తోపు ఇవ్వండి. చుక్కలు సమాన దూరాల్లో పడిన ఎత్తు దగ్గర వాలు ఘర్షణకు సరిపోయింది. 10 సెం.మీ. నుంచి ఆ ఎత్తు తీసేసి మళ్ళీ లెక్క కడితే, టేపు చెప్పిన అంకెకు బాగా దగ్గరగా వస్తుంది.