బిల్డ్ సర్వర్ డిస్క్ నిండిందా? తుడిచే ముందు ఇవి చూడండి

మా ఆఫీసు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం ఆ వీధిలో అడుగు పెట్టే చోటుండదు కాబట్టి ముందురోజు తొలేళ్ల సాయంత్రానికే రిలీజ్ ముగించుకుంటాం. ఓ ఏడాది సరిగ్గా ఆ సాయంత్రమే బిల్డులన్నీ, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పనులన్నీ, క్యూలో నిలిచిపోయాయి.

సమస్య: జెన్‌కిన్స్ ఏజెంట్ దానంతటదే ఆఫ్‌లైన్ అయింది.
జెన్‌కిన్స్ అంటే బిల్డులను దానంతటదే నడిపే సాఫ్ట్‌వేర్, ఏజెంట్ అంటే ఆ పని చేసే మెషీన్. డిస్క్‌లో ఖాళీ 1 జీబీ కంటే తగ్గితే ఏజెంట్‌ను పక్కన పెట్టడం జెన్‌కిన్స్ మామూలు సెట్టింగ్. ఆ హద్దును తగ్గించి బండి నడిపించకండి. బిల్డ్ మధ్యలో తెగిపోతుంది.

సమస్య: ఫైల్ తీసేసినా చోటు రాలేదు.
ఆ రోజు టెన్షన్‌లో నేను చేసిన తప్పు ఇదే. పెద్ద లాగ్ ఫైల్ ఒకటి కనిపించగానే డిలీట్ కొట్టాను. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ మాత్రం ఇంకా 100 శాతమే చూపించింది. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కమాండ్‌తో చూస్తే లెక్క చాలా తక్కువ వస్తోంది. లినక్స్‌లో ఫైల్ పేరు పోయినా, దాన్ని తెరిచి ఉంచిన ప్రాసెస్ వదిలేదాకా చోటు తిరిగిరాదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కు ‘ప్లస్ ఎల్1’ జోడిస్తే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయగానే చోటు వచ్చింది. అప్పటినుంచి నడుస్తున్న లాగ్‌ను డిలీట్ చేయను, ట్రంకేట్ కమాండ్‌తో దాని సైజు సున్నా చేస్తాను.

సమస్య: డిస్క్‌లో చోటుంది, అయినా ‘చోటు లేదు’ అనే ఎర్రర్.
డీఎఫ్‌కు ‘ఐ’ ఆప్షన్ ఇచ్చి చూడండి, ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోయి ఉండొచ్చు. లినక్స్ డిస్కుల్లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసినప్పుడే ఖాయమవుతుంది. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లలో వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటాయి. పని ఆగిపోయిన కోడ్ బ్రాంచిల పాత వర్క్‌స్పేస్‌లు (బిల్డ్ జరిగే ఫోల్డర్లు) తీసేస్తే సరిపోతుంది.

సమస్య: డాకర్ ఫోల్డరే సగం డిస్క్ తినేసింది.
డాకర్ అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం, ఆ పెట్టెలకు మూస ఇమేజ్. ఆ ఫోల్డర్‌ను చేత్తో తుడవొద్దు. ముందు పాత బిల్డ్ క్యాష్‌ను తీసేసే డాకర్ ‘బిల్డర్ ప్రూన్’ కమాండ్ నడపండి. సిస్టమ్ ప్రూన్‌కు ‘ఏ’ జోడిస్తే ఏ కంటైనరూ వాడని ఇమేజ్‌లన్నీ పోతాయి, మళ్లీ దించుకోవడానికే పూట గడిచిపోతుంది.

మళ్లీ రాకుండా మేం 80 శాతానికే అలర్ట్ పెట్టుకున్నాం. ప్రతి జాబ్‌కూ పాత బిల్డులు పారేసే సెట్టింగ్ ఇచ్చాం, చివరి 20 ఉంచుతుంది. కస్టమర్‌కు వెళ్లిన బిల్డుకు మాత్రం ‘ఎప్పటికీ ఉంచు’ బటన్ నొక్కడం మరవకండి. లేకపోతే వరస వచ్చినప్పుడు అదీ పోతుంది.