ప్రైవేటు బడిలో ఉచిత సీటు: ఆధార్‌లో సొంతూరి అడ్రస్ ఉన్నవాళ్లు తప్పక చూసుకోవాల్సిన కాగితం

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఆదివారాలు మా పౌర హక్కుల సంఘం వాళ్లం ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటాం. పిల్లల చదువు హక్కు గురించి నాలుగు మాటలు చెబుతాం, కరపత్రాలు పంచుతాం, దరఖాస్తులు నింపడంలో సాయం చేస్తాం. కిందటేడాది అక్కడికి ఒకామె వచ్చారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఇంటిపనులు చేసుకుంటూ అద్దె గదిలో ఉంటున్నారు. పాపకు ఒకటో తరగతిలో ఉచిత సీటు ఇప్పిస్తానని ఒకతను మూడు వేలు తీసుకుని దరఖాస్తు పెట్టించాడట. లాటరీలో పేరు రాలేదు.

ఆ దరఖాస్తు ప్రింటు తెప్పించి చూశాం. అడ్రస్ దగ్గర ఆమె పుట్టినూరు ఉంది. ఆమె ఉండే గదికి రెండు సందుల అవతలే బడి ఉన్నా, కాగితం మీద నాలుగు వందల కిలోమీటర్ల దూరం. "అడ్రస్ అంటే ఆధార్‌లో ఉన్నదే కదా అన్నయ్యా" అన్నారామె. ఈ మాట ఆ తర్వాత చాలామంది నోట విన్నాను. అందుకే మిగతా విషయాలు గబగబా చెప్పేసి, అడ్రస్ కాగితం దగ్గర కాసేపు ఆగుతాను.

2009 నాటి విద్యా హక్కు చట్టం, సెక్షన్ 12(1)(సి) ప్రకారం, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులు కూడా ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువు చెప్పాలి. ఈ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లు ఆన్‌లైన్ దరఖాస్తులతో పిల్లల చేతికి రావడం 2022-23లో మొదలైంది. పన్నెండేళ్లు పట్టింది. చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందేనని మా కరపత్రంలో మొదటి వాక్యంగా రాసుకున్నాం. ఈ హక్కును ఎవరూ మనకు దయతలచి ఇవ్వడం లేదని అమ్మలకు తెలియాలి.

ఎవరికి ఎన్ని సీట్లంటే, అనాథ పిల్లలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బలహీన వర్గాలకు 6. ఈ బలహీన వర్గాల వాటాలోకి బీసీ, మైనారిటీ, ఓసీ పిల్లలు వస్తారు. వాళ్లకు కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 1.20 లక్షలు, పట్టణాల్లో 1.44 లక్షలు దాటకూడదు. ఏ వర్గానికి ఆ సర్టిఫికెట్ కావాలి: కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, దివ్యాంగులకైతే సదరం (వైకల్య ధ్రువీకరణ). ఇంట్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు గ్రామ, వార్డు సచివాలయంలో పదిమంది మధ్య నిలబడి ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. మీ ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ అనుమతి లేకుండా ఆ విషయం బయటపెట్టడం 2017లో వచ్చిన చట్టం ప్రకారం తప్పు.

వయసు ఐదేళ్లు నిండాలి. కానీ ఏ తేదీ నాటికి? రాష్ట్ర సిలబస్ బడులకు జూన్ 1, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకు మార్చి 31 లెక్కగా తీసుకుంటూ వచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మీ పాపకు రాష్ట్ర సిలబస్ బడిలో అర్హత ఉండి, పక్కనే ఉన్న సీబీఎస్‌ఈ బడిలో లేకపోవచ్చు. నోటిఫికేషన్ ఒక్కో ఏడాది ఒక్కో నెలలో వస్తోంది కాబట్టి తేదీలు అందులోనే చూసుకోండి. పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు, సచివాలయంలోనో మండల విద్యాధికారి ఆఫీసులోనో పెట్టించుకోవచ్చు.

పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపితే దిగులుపడి ఇంటికి వెళ్లిపోకండి. వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించకూడదని చట్టం సెక్షన్ 14లో ఉంది. ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రికార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు, అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చే డిక్లరేషన్ పనికొస్తాయి. అయినా సర్టిఫికెట్ ఉంటే గొడవ తక్కువ. మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో ముందే తీసిపెట్టుకోండి.

ఇక అడ్రస్ సంగతి. సీట్ల కేటాయింపులో ముందు బడికి ఒక కిలోమీటరు లోపు ఉన్న పిల్లల్ని, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లని చూస్తారు. అంటే అడ్రస్ తప్పు పడితే మీ కులం, ఆదాయం, పాప వయసు అన్నీ సరిగ్గా ఉన్నా సీటు చేజారినట్టే. కావాల్సింది మీరు ఇప్పుడు ఉంటున్న ఇంటికి రుజువు. అది ఆధారే కానక్కర్లేదు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, వీటిలో ఏదో ఒకటి చాలు. ఆ చివరి కాగితం పేరు చెబితే అద్దె ఇళ్లలో ఉండే చాలామంది ఆశ్చర్యపోతారు. దాన్ని కూడా ఒప్పుకుంటారని వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

నోటిఫికేషన్ రాకముందే మీ ఆధార్ తీసి వెనకవైపు చదవండి. సొంతూరు ఉంటే, నెలలు చేతిలో ఉన్నప్పుడైతే మార్పించుకోవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక ఆ పనికి పరుగెత్తడం మొదలుపెడితే టెన్షనే మిగులుతుంది, గడువు దాటిపోతుంది. అప్పుడు అద్దె ఒప్పందమే దారి. ఆధార్ అడ్రస్ మారిస్తే ఊళ్లో అత్తగారి పింఛను పోతుందేమో, రేషన్ ఆగిపోతుందేమో అని చాలామంది భయపడతారు. అద్దె ఒప్పందం చూపించేటప్పుడు ఆధార్‌ని గానీ రేషన్ కార్డుని గానీ కదిలించే అవసరమే లేదు. ఆ భయం పెట్టుకోకండి.

అసలు చిక్కు ఇంటి ఓనరు దగ్గర వస్తుంది. సంతకం పెడితే తర్వాత ఇల్లు ఖాళీ చేయరేమో అని వాళ్లకు అనుమానం. గొడవపడితే పని జరగదు. మేమైతే ఆ వీధిలో పెద్దవాళ్లను ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్తాం. ఇది పిల్ల బడి కోసమని చెప్పి నోటిఫికేషన్‌లో అద్దె ఒప్పందం అని రాసి ఉన్న వరుస చూపిస్తాం. చాలామంది ఒప్పుకున్నారు. ఒప్పందంలో తల్లి పేరుగానీ తండ్రి పేరుగానీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. డోర్ నంబరు, వీధి, వార్డు, పిన్‌కోడ్ పూర్తిగా రాయించండి. "రామాలయం ఎదురుగా" అని వదిలేస్తే చాలదు.

కాగితం సరిగ్గా ఉన్నా కంప్యూటర్ దగ్గర తప్పు దొర్లుతుంది. ఆపరేటర్ అలవాటుగా ఆధార్ అడిగి అందులో ఉన్నదే కొట్టేస్తాడు. పక్కనే కూర్చోండి. "అడ్రస్ ఈ ఒప్పందంలో ఉన్నది కొట్టండి" అని చెప్పండి. సబ్మిట్ నొక్కేముందు పైకి చదివించుకోండి, చదువు రాకపోతే చదివే పిల్లనెవరినైనా తోడు తీసుకెళ్లండి. ఫోన్ నంబరు దగ్గర మీ నంబరే ఉండాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబరు ఇస్తే సీటు వచ్చిన మెసేజ్ వాళ్లకు పోతుంది. తర్వాత ఆ కబురు చెప్పడానికి కూడా డబ్బు అడిగినవాళ్లున్నారు. ప్రింటు తీసుకోకుండా లేవకండి.

సీటు ఇచ్చేది కంప్యూటర్ లాటరీ. అందులో మీ పేరు పైకి జరిపే మనిషి ఎవరూ లేరు. మూడు వేలిచ్చినా ముప్పై వేలిచ్చినా అంతే. మైనారిటీ విద్యాసంస్థల పేర్లు జాబితాలో కనబడకపోతే అది మీ దరఖాస్తులో తప్పు కాదు. 2014లో సుప్రీంకోర్టు వాటికి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. వాటిలో "ఈ కోటాలో సీటు" ఇప్పిస్తానని ఎవరైనా అంటే నమ్మొద్దు.

సీటు వచ్చాక చెప్పిన తేదీల్లోపు ఒరిజినల్స్, జిరాక్సులు పట్టుకుని బడికి వెళ్లండి. ఒరిజినల్స్ చూపించి తిరిగి తెచ్చుకోండి. పాపకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయడం చట్టవిరుద్ధం. మొదటిసారి అయితే 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా ఉంది. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల దాకా. ఫీజు డబ్బు ప్రభుత్వం బడికి తిరిగి ఇవ్వాలన్నది చట్టం. అయితే 2023 ఉత్తర్వులో ఆ ఫీజును అమ్మఒడి డబ్బుతో (పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో అప్పట్లో ప్రభుత్వం వేసిన సాయం) ముడిపెట్టారు. దాంతో చాలామంది తల్లులు తికమకపడ్డారు. కాబట్టి బడి ఏదైనా అడిగితే ఆ ఏటి ఉత్తర్వులో ఎక్కడుందో చూపించమనండి. రశీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

"సీట్లు అయిపోయాయి, రేపు రండి" అని గేటు దగ్గర తిప్పుతుంటే ఆ మాట రాసిమ్మని అడగండి. ఇవ్వకపోతే మీరే ఒక తెల్లకాగితం మీద తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో రాసి మండల విద్యాధికారికి ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ తర్వాత జిల్లా విద్యాశాఖ అధికారి. సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాసిచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి, ఆ నిర్ణయంలో న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది. లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

ఆ శ్రీకాకుళం ఆమె పాప ఇప్పుడు మునిసిపల్ బడిలో రెండో తరగతి చదువుతోంది. టీచరు మంచావిడ, పాప బాగానే చదువుతోంది. తమ్ముడికి వచ్చే మే నెలలో ఐదేళ్లు నిండుతాయి. కిందటి నెల మేం వెళ్లి ఓనరుతో మాట్లాడాం, ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పిల్లాడి పుట్టిన తేదీ సర్టిఫికెట్‌తో కలిపి ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. మే నెల పుట్టుక కాబట్టి రాష్ట్ర సిలబస్ బడులే చూసుకోవాలని ఆ కవరు మీద పెన్నుతో రాసిచ్చాం.