డిమెన్షియా ఉన్నవాళ్లు ఎదురు తిరుగుతుంటే: మాత్ర డోసు పెంచేముందు చూడాల్సినవి

సమస్య: డిమెన్షియా, అంటే మతి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు ఉన్న ఇళ్లలో కనబడేవి ఇవి. అమ్మ స్నానానికి లేవదు, లేపితే గీరుతుంది. నాన్న సాయంత్రమయ్యేసరికి "ఇంటికి పోతా" అంటూ తలుపు దగ్గర నిలబడతారు. అత్తగారు పర్సు కోడలే తీసిందంటారు. ఎవరింట్లో ఏది జరిగినా నన్ను అడిగేది ఒకటే: "నిద్రమాత్ర డోసు పెంచమందామా?"

ముందు ఒంటి సంగతి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ దాటేసేది ఇదే. ఈ మార్పు గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వచ్చిందా? అయితే డిమెన్షియా ముదిరిందని సరిపెట్టుకోవద్దు. అది డెలీరియం (ఒంట్లో ఇంకేదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం) కావచ్చు, ఆరోజే డాక్టరుకు చూపించాలి. విరేచనం అయ్యి ఎన్నాళ్లయింది? మూత్రానికి వెళ్లేటప్పుడు ముఖం చిట్లిస్తున్నారా? నొప్పి ఉందా అని అడిగితే లేదనే అంటారు. పక్కకి తిప్పేటప్పుడు, నమిలేటప్పుడు ముఖం చూడండి, అదే చెబుతుంది. వినికిడి మిషన్‌లో బ్యాటరీ ఉందా? ఈమధ్య కొత్తగా ఏ మాత్ర మొదలైంది? జలుబుకి, అలర్జీకి వాడే కొన్ని పాతరకం మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే కొన్ని మాత్రలు అయోమయాన్ని పెంచుతాయి. మీ అంతట మీరు ఆపకుండా స్ట్రిప్పులన్నీ డాక్టరు ముందు పెట్టండి.

ఇవన్నీ సరిగానే ఉన్నా గొడవ తగ్గలేదంటే, అది ఎవరి దగ్గర ఎక్కువవుతోందో గమనించండి. నిన్న కేర్‌టేకర్ దగ్గర మారు మాట్లాడకుండా స్నానం చేసిన మనిషి, ఇవాళ అదే వేళకి కూతురు చేయి పట్టుకుంటే కొడుతోంది. జబ్బొక్కటే కారణమైతే ఇద్దరి దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉండాలి కదా. పైగా కూతురికే ప్రేమ ఎక్కువ. మనం మాట్లాడే, ముట్టుకునే తీరు కూడా కారణమన్నది దొరక్కుండా తప్పించుకునేది అందుకే. చేసేవాళ్లు మంచికే చేస్తున్నారు, చెప్పేది నిజమే చెబుతున్నారు. పర్సు బీరువాలోనే ఉంది మరి! కానీ ఆ నిజంతో అవతలి మనిషికి పనిలేదు. తనని అబద్ధాలకోరుని చేస్తున్నారన్నదే ఆమెకి అందుతుంది.

ఆ కారణాన్ని పట్టుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. వారం రోజులపాటు, గొడవకి ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో రాయండి: ఎవరు ఏమన్నారు, ఎటువైపు నుంచి వచ్చారు, టీవీ మోగుతోందా, గొడవయ్యాక మీరేం చేశారు. "ఊరికే కోపమొచ్చింది" అని రాశారంటే ఆ ఐదు నిమిషాలు మీరు చూడలేదన్నమాట.

ఆ పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనబడేవి కొన్ని ఉన్నాయి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టడం. "ఇప్పుడేగా చెప్పాను" అని విసుక్కోవడం. వెనకనుంచి వచ్చి భుజం పట్టుకోవడం. ఇద్దరు ఒకేసారి రెండు పనులు చెప్పడం. పెద్దావిణ్ణి పసిపిల్లలా "బుజ్జీ, బంగారం" అంటూ ముద్దుమాటలతో లేపడం. ప్రేమగానే అనిపిస్తుంది గానీ, అమెరికా నర్సింగ్ హోముల్లో తీసిన వీడియోలను పరిశీలించిన క్రిస్టీన్ విలియమ్స్ బృందం 2009లో చెప్పిందేమంటే, అలా మాట్లాడినప్పుడే ఎదురుతిరగడం ఎక్కువగా ఉందని.

"ఎలాగూ మర్చిపోతారుగా" అని గదమాయించేవాళ్లకి ఇంకొకటి. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, అమెరికాలోని అయోవాలో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం) ఉన్నవాళ్లకి విషాద దృశ్యాలు చూపించారు. కాసేపటికి చూసిందేమిటో గుర్తులేదు, దిగులు మాత్రం ఉండిపోయింది. పొద్దున కసిరిన మాట మరుపున పడ్డా, ఆ బెదురు మాత్రం మనసులో ఉండిపోవచ్చు.

ఏం చేయాలి: ఎదురుగా రండి, ఆమె కళ్ల ఎత్తుకి కూర్చోండి, ఎప్పటి వరసతోనే పిలవండి. ఒకసారికి ఒకే మాట చెప్పి, జవాబు కోసం ఆగండి. మీకు ఎక్కువనిపించేంత సేపు ఆగాలి. పర్సు పోయిందంటే "అయ్యో, పదండత్తయ్యా వెతుకుదాం". ఇంటికి పోతానంటే "ఇదే మనిల్లు" అని వాదించకుండా "ఇంట్లో ఎవరున్నారు నాన్నా?" అని అడగండి, మాటల్లో పడ్డాక మెల్లగా పక్కగదికి నడిపించండి. స్నానం వద్దన్నారా, వదిలేసి అరగంటాగి రండి. ఒక పూట స్నానం తప్పితే కొంపలేమీ మునగవు.

ఇవన్నీ తెలిసీ చేయలేకపోతున్నారంటే మీకు నిద్ర లేదని అర్థం. నిద్ర లేకపోతే గొంతు కరుకవుతుంది, దానికి వాళ్లు బెదురుతారు, రాత్రి మళ్లీ లేస్తారు, మీకు నిద్ర ఇంకా తగ్గుతుంది. ఇక్కడ చిట్కాలు పనిచేయవు. వారంలో కొన్ని రాత్రులు ఇంకొకరు చూసుకునే ఏర్పాటు కావాలి. "నువ్వే బాగా చూస్తావమ్మా" అని మెచ్చుకుని వెళ్లిపోయే అన్నదమ్ములకి ఆ రాత్రులు పంచండి.

ఇక మందులు. గొడవ తగ్గించడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే) మాత్రలతో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్తరకం వాటికి, 2008లో పాతరకం వాటికి గట్టి హెచ్చరిక పెట్టించింది. ఎవరికైనా హాని జరిగేలా ఉన్నప్పుడో, మిగతా ఏదీ పనిచేయనప్పుడో డాక్టరు ఇస్తారు. ఇచ్చినా, ఎప్పుడు తగ్గిస్తారో అప్పుడే అడగండి.

డిమెన్షియా రకాల్లో రెండింటిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. మతిమరుపు కంటే ముందు ప్రవర్తనే మారిపోయి ఉంటే ఫ్రాంటోటెంపోరల్ రకం కావచ్చు, న్యూరాలజిస్టుకి చూపించండి. లేని మనుషులో జంతువులో స్పష్టంగా కనబడుతూ, నడకలో బిగుతు కూడా ఉంటే లూయీ బాడీ రకమేమో అడగండి. ఆ అనుమానం ఉన్నవాళ్లకి హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ మందులు ప్రమాదం. ఎమర్జెన్సీకి తీసుకెళ్లినప్పుడు ఇంజెక్షన్ చేయకముందే ఆ మాట చెప్పండి.